టీ3 వ్యాన్‌లో టీడీఐ ఇంజిన్ పెడుతున్నా, ఎక్స్‌లేటర్ పెడల్ ఏది కొనాలి?

స్టుట్‌గార్ట్_శీను
నా దగ్గర 1988 నాటి ఫోక్స్‌వ్యాగన్ టీ3 వ్యాన్ ఉంది. వెనక ఇంజిన్, ముందు చక్రాల మీదే డ్రైవర్ సీటు, ఆ పాత డబ్బా బండి. కంపెనీ వేసింది 1.6 టర్బో డీజిల్, జేఎక్స్ ఇంజిన్, 70 హార్స్ పవర్. పోయిన వేసవిలో ఆస్ట్రియా వైపు ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కి హెడ్డు పగిలింది. బాగుచేయించే డబ్బుకి ఇంకొంచెం కలిపితే మంచి ఇంజినే వస్తుందని గోల్ఫ్ 3 లోంచి తీసిన 1.9 టీడీఐ, అంటే కంప్యూటర్ నడిపే టర్బో డీజిల్ ఇంజిన్, కొన్నాను. 1995 మోడల్, ఇంజిన్ కోడ్ 1జడ్, 90 హార్స్ పవర్. వైరింగూ, ఇంజిన్ని నడిపే కంప్యూటర్ డబ్బా ఈసీయూ కూడా ఇచ్చారు. ఇంజిన్ కూర్చుంది, గేర్‌బాక్స్‌తో కలిసింది.

పెడల్ దగ్గర వచ్చింది చిక్కు. పాత ఇంజిన్‌కి పెడల్ నుంచి వెనక డీజిల్ పంపు దాకా కేబుల్ ఉండేది. ఈ పంపు మీద కేబుల్ తగిలించే చోటే లేదు, అన్నీ కరెంటు తీగలే. గోల్ఫ్ పెడల్‌ని అంతకుముందే ఎవరికో అమ్మేశారట. ఆన్‌లైన్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్లొకరు "ఏ టీడీఐకైనా పడుతుంది" అంటూ గోల్ఫ్ 4 పెడల్ పంపారు. ప్లగ్గుకి ఆరు పిన్నులు, నా వైరింగ్‌లోనూ ఆరు తీగలు. ప్లగ్గు ఆకారం వేరైనా తీగలు లెక్కపెట్టి కలిపేశాను. స్టార్ట్ చేస్తే ఇంజిన్ 1200 చిల్లర ఆర్‌పీఎం దగ్గర నిలబడింది. ఎంత తొక్కినా అంతే. హీటర్ ప్లగ్గు లైటు కొట్టుకుంటోంది. రెండు వారాంతాలు ఇట్లాగే పోయాయి. అసలు ఏ పెడల్ కొనాలి?

ఆటోనగర్_నాని
ఇంజిన్ స్టార్ట్ అయింది కదా బ్రో, సగం పెళ్లి అయిపోయినట్టే.

డీజిల్_బాబాయ్
ఎలక్ట్రానిక్ జోలికి పోతే ఇంతే. 1.9 లోనే ఏఏజడ్ అని పాత రకం టర్బో డీజిల్ ఉంది, 75 హార్స్ పవర్, పంపుకి శుభ్రంగా కేబుల్. అది పెట్టుకుని ఉంటే నీ పాత పెడలూ పాత కేబులూ అట్లాగే పనిచేసేవి. తీగలు లెక్కపెట్టే పనే ఉండేది కాదు.

స్టుట్‌గార్ట్_శీను
బాబాయ్, ఇంజిన్ కొనేశాక చెబితే ఏం లాభం!

వైరింగ్_వదిన
శీనూ, పెడల్‌ని వ్యాన్‌ని బట్టి కొనకు, ఈసీయూని బట్టి కొను. ఆరు పిన్నులకు ఆరు తీగలు సరిపోయాయని కలిపేయడం అంటే, తాళం రంధ్రంలో దూరింది కాబట్టి మన తాళమే అనుకోవడం.

నీ 1జడ్ ఈసీయూ పాత తరానిది. అది ఎదురుచూసే పెడల్లో ఉండేవి మూడు: ఎంత తొక్కామో వోల్టేజీలో చెప్పే పొటెన్షియోమీటర్ ఒకటి, కాలు తీశామా లేదా చెప్పే ఐడిల్ స్విచ్ ఒకటి, అడుగంటా తొక్కినప్పుడు తగిలే కిక్‌డౌన్ స్విచ్. ఫోక్స్‌వ్యాగన్ వైరింగ్ పటాల్లో వీటిని జీ79, ఎఫ్60, ఎఫ్8 అని రాస్తారు. కిక్‌డౌన్ ఆటోమేటిక్ గేర్ల కోసం, నీకు అక్కర్లేదు. మిగతా రెండూ కావాలి.

నీకు వచ్చింది ఏ సంవత్సరపు గోల్ఫ్ 4 ది? పంప్ డ్యూజ్ ఇంజిన్ (ప్రతి సిలిండర్‌కీ సొంత పంపు ఉండే తర్వాతి తరం టీడీఐ) ఉన్న బండిది అయితే అందులో స్విచ్చులే ఉండవు. వాటి బదులు రెండు సెన్సర్లు, జీ79తో పాటు జీ185. అవీ ఆరు తీగలే. మూడు దీనికి, మూడు దానికి.

స్టుట్‌గార్ట్_శీను
2003 బండిదని స్టిక్కర్ మీద ఉంది. పంప్ డ్యూజే.

వైరింగ్_వదిన
అయితే అంతే సంగతులు.

ఎందుకు 1200 దగ్గర నిలబడుతుందో చెబుతాను. టీడీఐలో నీ కాలికీ డీజిల్‌కీ నేరుగా సంబంధం లేదు. నువ్వు తొక్కింది ఒక కోరిక మాత్రమే. దాన్ని చూసి, ఎంత డీజిల్ వెయ్యాలో ఈసీయూ నిర్ణయించి పంపులో ఉన్న సర్దుబాటు మోటారుకి చెబుతుంది. అంత పెత్తనం ఒక్క పొటెన్షియోమీటర్ మాట మీద ఇవ్వలేరు కదా. అది అరిగి తప్పు చెబితే బండి దానంతట అదే రేస్ అయిపోతుంది. అందుకే రెండో సాక్షి కావాలి. పాత పెడల్లో ఆ సాక్షి ఐడిల్ స్విచ్. "కాలు తీసేశాడు" అని స్విచ్ చెప్పాలి, "సున్నా" అని పొటెన్షియోమీటర్ చెప్పాలి. ఇద్దరి మాటా కలవకపోతే ఈసీయూ పెడల్ని లెక్కలోంచి తీసేసి, ఐడిలింగ్ కొంచెం పెంచి అక్కడే ఉంచేస్తుంది. ఫస్ట్ గేర్లో పాక్కుంటూ షెడ్డుకి చేరుకోమని. హీటర్ ప్లగ్గు లైటు కొట్టుకోవడం అంటే తప్పు నమోదైందని అర్థం. నీ ఈసీయూ బాగానే ఉంది. నువ్వు ఇచ్చిన సాక్షే తప్పు.

ఆటోనగర్_నాని
ఇక్కడ సీఆర్‌డీఐ (కొత్త తరం కంప్యూటర్ డీజిల్) బండ్లలో కూడా ఇదే కథ వదినా. హ్యుందాయ్‌లో పెడల్ సెన్సర్లు రెండు, రెండోది ఎప్పుడూ మొదటిదానిలో సగం వోల్టేజీ చూపించాలి. పోయిన నెల ఒకాయన వేరే కంపెనీ పెడల్ బిగించుకుని వచ్చాడు. ప్లగ్గు భేషుగ్గా పట్టింది, లెక్క కుదరలేదు. పికప్పే లేదు. ముగ్గురు మెకానిక్కులు నాజిళ్లు ఊడదీసి చూశారట పాపం.

ఈరిక్షా_ఇంజినీర్
ఇంత గొడవెందుకు? హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కదలికని పసిగట్టేది) పెడల్ కొత్తదే దొరుకుతుంది, ఈ-రిక్షాల్లో వాడేది. 5 వోల్టులు ఇస్తే 0.8 నుంచి 4.2 వోల్టుల దాకా ఇస్తుంది. అరిగే భాగమే లేదు. 30 ఏళ్ల నాటి పొటెన్షియోమీటర్ కోసం స్క్రాప్ యార్డుల చుట్టూ తిరగడం దేనికి?

వైరింగ్_వదిన
@ఈరిక్షా_ఇంజినీర్ ఐడిల్ స్విచ్ ఏది అందులో?

ఈరిక్షా_ఇంజినీర్
మైక్రోస్విచ్ ఒకటి పక్కన బిగిస్తే సరి.

వైరింగ్_వదిన
బిగించవచ్చు. కానీ కాలు తీసినా 0.8 వోల్టుల దగ్గరే మొదలయ్యేదాన్ని శీను ఈసీయూ సున్నా అనుకుంటుందా? అనుకోకపోతే మళ్లీ ఇద్దరు సాక్షులూ కొట్టుకుంటారు. మధ్యలో ఇంకో చిన్న సర్క్యూట్ పెట్టి వోల్టేజీ దించాలి. ఆ సర్క్యూట్ సోల్డరింగ్ ఊడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఇది బ్రేక్ తర్వాత బ్రేకంత ముఖ్యమైన వస్తువు. రిక్షా 25లో పోతుంది, శీను వ్యాన్ ఆటోబాన్ మీద పోతుంది.

ఈరిక్షా_ఇంజినీర్
సరే, ఒప్పుకున్నా. అయినా ఐడియా చెడ్డదేం కాదు.

పోర్ట్‌లాండ్_ప్రసాద్
శీనూ, నేను సరిగ్గా ఈ పనే చేశాను. మా అమెరికాలో టీ3ని వానగన్ అంటారు. నాది 1982 డీజిల్, టర్బో కూడా లేని 1.6. ఎదురుగాలి వస్తే థర్డ్ గేర్, వర్షంతో కూడిన ఎదురుగాలి వస్తే దేవుడి మీద భారం. దాన్ని తీసేసి 1997 పసాట్‌లోంచి ఏహెచ్‌యూ ఇంజిన్ పెట్టాను. నీ 1జడ్‌కి తమ్ముడి వరస.

నువ్వు వెతకాల్సింది గోల్ఫ్ 3 టీడీఐ పెడల్, లేదా ఆ కాలపు పసాట్ టీడీఐది. వాటిలో ఒక సౌకర్యం ఉంది, ఎవరూ చెప్పరు. పొటెన్షియోమీటర్ పెడల్లోనే ఇమిడిపోయి ఉండదు. దానికి విడిగా ఒక చిన్న చక్రం ఉంటుంది, పెడల్ నుంచి వచ్చే పొట్టి కేబుల్ ఆ చక్రాన్ని తిప్పుతుంది. అంటే పొటెన్షియోమీటర్‌ని ఊడదీసి నీ టీ3 కేబుల్ చివరే తగిలించవచ్చు. నేను అదే చేశాను. ముందు పెడల్ కంపెనీది, నేల కింద గొట్టంలోంచి వెళ్లే కేబుల్ కంపెనీది, వెనక ఇంజిన్ గదిలో పాత పంపు ఉండాల్సిన చోట పొటెన్షియోమీటర్. ముందుకి ఒక్క తీగ కూడా లాగలేదు. ఏడేళ్లయింది.

బర్మింగ్‌హామ్_బుజ్జి
నేను ప్రసాద్ గారికి రివర్స్‌లో వెళ్లాను. గోల్ఫ్ 3 పెడల్ మొత్తం తెచ్చి ముందు బిగించాను, వెనక్కి తీగలు లాగాను. బండి బ్రహ్మాండంగా పోతుంది. కాలే పోతుంది.

టీ3లో ఎక్స్‌లేటర్ పెడల్ నేలకి కీలు వేసి ఉంటుంది, హార్మోనియం తొక్కినట్టు పాదం మొత్తం దాని మీద ఆనుతుంది. మనం కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటాం, పాదం పైనుంచి కిందికి దిగుతుంది. గోల్ఫ్ పెడల్ పైనుంచి వేలాడే రకం. కార్లో కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లకి చేసింది. దాన్ని వ్యాన్‌లో పెడితే మడమ గాల్లో, వేళ్లు పెడల్ మీద. 200 కిలోమీటర్లు పోయేసరికి పిక్క పట్టేస్తుంది. మా ఆయన అయితే గంటకోసారి బండి ఆపి కుంటుతాడు. బ్రాకెట్ మూడుసార్లు కోసి మార్చాను, ఇప్పటికీ కుదరలేదు.

డీజిల్_బాబాయ్
హార్మోనియం పెడల్ అన్నావు చూడు తల్లీ, బాగా చెప్పావు.

వైరింగ్_వదిన
బుజ్జి చెప్పింది నేను ఆలోచించలేదు. కాలు సంగతి ఈసీయూకి తెలియదు కదా. కానీ ప్రసాద్ గారూ, వెనక ఇంజిన్ గదిలో పొటెన్షియోమీటర్ అంటే నాకు మనసొప్పడం లేదు. అది కార్లో కేబిన్ లోపల, పొడిగా, చల్లగా ఉండేటట్టు చేసిన వస్తువు. టీ3 వెనక చక్రాలు కొట్టే బురదంతా అక్కడికే వస్తుంది. పైగా మూడు మీటర్లకు పైగా ఉన్న కేబుల్ రాపిడి. చలికాలంలో తేమ గడ్డకట్టి కేబుల్ బిగుసుకుంటే?

పోర్ట్‌లాండ్_ప్రసాద్
బిగుసుకుంటుంది, నిజమే. అందుకే కేబుల్ కొత్తది వెయ్యాలి, పాతది అస్సలు వాడకూడదు. చక్రం దగ్గర వెనక్కి లాగే స్ప్రింగులు రెండు పెట్టాను. ఒకటి తెగినా రెండోది లాగాలి. ఇంకోటి, మన పాత పంపు లివర్‌కి గట్టి స్ప్రింగు ఉండేది, పెడల్ని వెనక్కి తెచ్చేది అదే. పంపు పోయాక ఆ స్ప్రింగూ పోయింది. పొటెన్షియోమీటర్ సొంత స్ప్రింగు మూడు మీటర్ల కేబుల్‌ని, ముందున్న లింకుని లాక్కురాలేదు. ఇది చాలామంది మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. మొదటి రోజు పెడల్ వదిలితే పది శాతం దగ్గరే కూర్చుంది.

బురద సంగతి ఒప్పుకుంటాను. డబ్బా చేసి మూతపెట్టాలి.

ఆటోనగర్_నాని
స్ప్రింగు సంగతి బంగారం లాంటి మాట.

డీజిల్_బాబాయ్
స్ప్రింగు అంటే గుర్తొచ్చింది. మా నాన్న పెట్రోల్ అంబాసిడర్‌కి మాటడార్ డీజిల్ ఇంజిన్ వేయించాడు. అప్పట్లో విజయవాడ ఆటోనగర్‌లో అది మామూలే. ఇంజిన్ కుదిరింది, ఎక్స్‌లేటర్ వైరు పొట్టిదైంది. మేస్త్రి ఏం చేశాడో తెలుసా, సైకిల్ బ్రేకు తీగ తెచ్చి అతికాడు. ఆర్నెల్లు నడిచింది. ఒకరోజు ప్రకాశం బ్యారేజీ మీద, సాయంత్రం, ముందు ఎడ్లబండి, వెనక ఆర్టీసీ బస్సు, తీగలోని ఒక పోగు తెగి తొడుగులో ఇరుక్కుంది. కాలు తీసినా ఇంజిన్ అరుస్తోంది. తాళం తిప్పితే ఆగే ఇంజిన్ కాదు అది, డాష్‌బోర్డు కింద ఆపే నాబ్ లాగాలి. నాన్న క్లచ్ తొక్కిపెట్టి నాబ్ కోసం తడుముతుంటే నేను వెనక సీట్లో ఏడుస్తున్నాను. ఆగాక నాన్న చేసిన మొదటి పని, దిగి ఎడ్లబండివాడికి దణ్ణం పెట్టడం. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

కాబట్టి కేబుల్ గొప్పదని నేను అన్నా, సైకిల్ తీగ మాత్రం వద్దు.

బర్మింగ్‌హామ్_బుజ్జి
😂😂 ఎడ్లబండికి దణ్ణం

వైరింగ్_వదిన
చూశారా బాబాయ్, అక్కడ ఈసీయూ ఉంటే, పైన చెప్పానే, ఇద్దరు సాక్షుల మాట కలవక ఇంజిన్ ఐడిలింగ్‌కి దిగిపోయేది.

డీజిల్_బాబాయ్
తీగ ఇరుక్కుంటే నీ పొటెన్షియోమీటరూ 60 శాతం దగ్గరే ఇరుక్కుంటుంది, స్విచ్చూ తొక్కినట్టే ఉంటుంది. ఇద్దరు సాక్షులూ కలిసి ఒకే అబద్ధం చెబుతారు. అప్పుడేం చేస్తుంది నీ ఈసీయూ?

వైరింగ్_వదిన
...ఇది మాత్రం సరైన ప్రశ్న. కేబుల్ చివర పొటెన్షియోమీటర్ పెడితే, కేబుల్ ఇరుక్కోవడాన్ని సెన్సర్ పట్టుకోలేదు. పెడల్ దగ్గరే సెన్సర్ ఉంటే మధ్యలో ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు. వెనక పెట్టడానికి నాకు మనసొప్పకపోవడానికి ఇదీ ఒక కారణం. ఒక్క ఊరట, ఎలక్ట్రిక్ పంపు మీద డీజిల్ ఆపే వాల్వ్ ఉంది. తాళం తిప్పితే ఇంజిన్ ఆగుతుంది, నాబ్ వెతకక్కర్లేదు.

తొక్కు_తెలంగాణ
నేను ఈ చర్చలోకి "తొక్కు" అని వెతికి వచ్చాను. ఎంత తొక్కినా పికప్ లేదంటే మా అమ్మ మామిడి తొక్కు పంపిస్తా, దెబ్బకి లేస్తుంది.

స్టుట్‌గార్ట్_శీను
@తొక్కు_తెలంగాణ అడ్రసు ప్రైవేటుగా పంపుతా, నిజంగా పంపండి.

అందరికీ థాంక్స్. గోల్ఫ్ 4 పెడల్ తిప్పి పంపేశాను. ఇక్కడ ఒక స్క్రాప్ యార్డులో గోల్ఫ్ 3 టీడీఐ పెడల్ 35 యూరోలకు దొరికింది, ప్రసాద్ గారు చెప్పినట్టే చిన్న చక్రం ఉంది. బుజ్జి గారి కాలి సంగతి విన్నాక వేలాడే పెడల్ ఆశ వదులుకున్నా. కాబట్టి ప్రసాద్ గారి దారిలోనే, వెనకే బిగిస్తా. వదినకి కోపం రాకపోతే.

ఇంకో ప్రశ్న. ఇక్కడ జర్మనీలో ఇంజిన్ మారిస్తే ట్యూఫ్ (బండ్ల ఫిట్‌నెస్ చూసే సంస్థ) తనిఖీ చేయించి బండి కాగితాల్లో రాయించాలి. 30 ఏళ్లు దాటిన బండి కాబట్టి పాత బండ్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేటు కూడా పెట్టుకోవాలని ఉంది. టీడీఐ పెడితే ఇస్తారా?

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
మార్పు ఆ కాలానికి తగ్గది అయి ఉండాలి, బండి తయారైన పదేళ్ల లోపు జరగగలిగిన మార్పు అయి ఉండాలి అని చూస్తారు. నీ బండి 1988. 1.9 టీడీఐ 1991లోనే ఆడి 80లో వచ్చింది. లెక్క నీ వైపే ఉంది. అయినా చివరి మాట చూసే ఇంజినీరుది. పని మొదలుపెట్టకముందే వెళ్లి ఆయనతో మాట్లాడు. అయిపోయాక వెళ్తే "ఇది ఎందుకిలా చేశావు" అంటారు, ముందే వెళ్తే "ఇలా చెయ్యి" అంటారు. నాకు చూసినాయన బానెట్ కంటే ముందు పెడల్ తొక్కి టక్కున వదిలాడు, వెనక్కి వచ్చిందో లేదో చూడ్డానికి. తర్వాత ఒక స్ప్రింగు ఊడదీయమని మళ్లీ తొక్కాడు.

ఓమ్నీ_ఓబుల్
మధ్యలో అడుగుతున్నా. నాది హైదరాబాద్, పాత ఓమ్నీ వ్యాన్. అందులో చిన్న డీజిల్ ఇంజిన్ పెడదామని. పెడల్ ఏది పడుతుంది?

ఆటోనగర్_నాని
ఓబుల్ అన్నా, పెడల్ కంటే ముందు ఆర్సీ చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడానికి వీల్లేదని తేల్చింది. ఓమ్నీకి కంపెనీ డీజిల్ ఇంజినే ఇవ్వలేదు. ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాడు నవ్వి పంపిస్తాడు. మా దగ్గరికి రోజుకొకడు వస్తాడు ఇదే అడుగుతూ. చెయ్యనంటే పక్క షెడ్డుకి పోతాడు.

ఓమ్నీ_ఓబుల్
సీఎన్‌జీ పెట్టుకుంటాలే అన్నా.

మోడరేటర్
ఓమ్నీకి, మామిడి తొక్కుకి వేరే చర్చ తెరవండి.

స్టుట్‌గార్ట్_శీను
మూడు వారాల తర్వాత వస్తున్నా. బిగించేశాను. కొత్త కేబుల్, రెండు స్ప్రింగులు, అల్యూమినియం బ్రాకెట్. బురద పడకుండా ప్రస్తుతానికి కిలో పెరుగు డబ్బా కోసి మూతపెట్టాను, నవ్వకండి.

లాప్‌టాప్ పెట్టి ఈసీయూ చూపించే కొలతల్లో గ్రూప్ 002 తెరిచాను. కాలు తీస్తే 0 శాతం, ఐడిల్ అని కూడా చూపిస్తోంది. బతికాం అనుకున్నా. పూర్తిగా తొక్కితే 74 శాతం దగ్గర ఆగిపోతోంది. పెడల్ నేలకి ఆనింది, ఇంక తొక్కడానికి లేదు.

రెండోది. బండి రోడ్డెక్కాక మెల్లగా, నిలకడగా పోతుంటే చిన్న చిన్న జెర్కులు. రాత్రిపూట హెడ్‌లైట్లు, బ్లోయరు వేస్తే ఎక్కువ. పగలు తక్కువ. రాత్రికీ పెడల్‌కీ ఏం సంబంధం? దెయ్యమా?

పోర్ట్‌లాండ్_ప్రసాద్
74 సంగతి సులువు. టీ3 కేబుల్ ప్రయాణం తక్కువ, గోల్ఫ్ చక్రానికి ఎక్కువ కావాలి. ముందు వ్యాన్ కింద కేబుల్ తగిలే లివర్ ఉంది కదా, దానికి కీలు నుంచి కొంచెం దూరంగా కొత్త రంధ్రం వేసి కేబుల్ అక్కడ తగిలించు. లేదా చక్రం చిన్నది చేయించు. నేను లివర్‌కే రంధ్రం వేశాను. పెడల్ కొంచెం బరువెక్కుతుంది, అంతే. ఒక్కటి చూసుకో, 100 వచ్చేది పెడల్ నేలకి ఆనినప్పుడే కావాలి. ముందే 100 వచ్చేసి ఇంకా తొక్కితే కేబుల్ మీద, పొటెన్షియోమీటర్ మీద నీ బరువంతా పడుతుంది.

కాలు తీసినప్పుడు కేబుల్ బిగుతుగా ఉండకూడదు, వేలితో లాగితే కొద్దిగా ఊగాలి. లేకపోతే బండి వేడెక్కాక ఐడిల్ స్విచ్ విడిపోతుంది, మళ్లీ నీ 1200 కథ.

వైరింగ్_వదిన
దెయ్యం కాదు, ఎర్త్. పొటెన్షియోమీటర్ నెగటివ్ తీగ ఎక్కడ కలిపావు?

స్టుట్‌గార్ట్_శీను
అక్కడే బాడీకి. బ్రాకెట్ బోల్టు కిందే ఒక రింగు పెట్టి బిగించాను. ఎర్త్ ఎర్తే కదా వదినా?

వైరింగ్_వదిన
కాదు. బాడీలో హెడ్‌లైట్ల కరెంటు, బ్లోయర్ కరెంటు, అన్నీ వెనక్కి పోతుంటాయి. 35 ఏళ్ల తుప్పు పట్టిన రేకులో అంత కరెంటు పోతే, ఆ బోల్టు దగ్గరి ఎర్త్‌కీ ఈసీయూ దగ్గరి ఎర్త్‌కీ మధ్య కొన్ని మిల్లీవోల్టులో, కొన్ని వందలో తేడా వస్తుంది. పొటెన్షియోమీటర్ 5 వోల్టుల లోపే మాట్లాడేది. ఆ తేడాని ఈసీయూ "కాలు కొంచెం కదిలింది" అనుకుంటుంది. నీ జెర్కు అదే. రాత్రి ఎక్కువ ఎందుకంటే రాత్రి లైట్లు వేస్తావు.

ఆ తీగ తీసేసి గోల్ఫ్ వైరింగ్‌లో ఉన్న అసలు సెన్సర్ ఎర్త్ తీగనే ఈసీయూ పిన్ను దాకా తీసుకెళ్లు. బాడీని ఎక్కడా తాకకూడదు. మూడు తీగలూ కలిపి మెలిపెట్టి, ఆల్టర్నేటర్ తీగకి దూరంగా పంపు.

మీటరు ఉందా? లైట్లు, బ్లోయరు వేసి, మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక కొన ఆ బోల్టుకి, ఇంకో కొన ఈసీయూ ఎర్త్‌కి ఆనించు. ఎంత చూపిస్తుందో రాయి.

స్టుట్‌గార్ట్_శీను
లైట్లు లేకుండా 12. లైట్లూ బ్లోయరూ వేస్తే 190 మిల్లీవోల్టులు!!

ఆటోనగర్_నాని
వదిన ఇక్కడ కూర్చుని స్టుట్‌గార్ట్ బండి నాడి పట్టింది.

ఈరిక్షా_ఇంజినీర్
నా హాల్ సెన్సరైనా ఇదే జెర్కు వచ్చేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. నేనూ మా రిక్షాల్లో బాడీకే ఎర్త్ ఇస్తున్నా. రేపు చూస్తా.

స్టుట్‌గార్ట్_శీను
అయిపోయింది! ఎర్త్ మార్చాను, లివర్‌కి రంధ్రం వేశాను, ఇప్పుడు 0 నుంచి 100. పెరుగు డబ్బా తీసేసి అల్యూమినియం డబ్బా చేయించాను. నిన్న బ్లాక్ ఫారెస్ట్ వైపు వెళ్లొచ్చాం. సెకండ్ గేర్లో మూలుగుతూ ఎక్కే చోట థర్డ్‌లో ఎక్కింది, లైట్లు వేసినా జెర్కు లేదు. వెనక సీట్లో మా పాప నిద్రపోయింది, జేఎక్స్ మోతకి ఎప్పుడూ పడుకునేది కాదు. ట్యూఫ్ తనిఖీ పై మంగళవారం. ఫణి గారు చెప్పినట్టు ముందే వెళ్లి మాట్లాడి వచ్చాను, రెండు స్ప్రింగులు ఉన్నాయా అనే ఆయన మొదట అడిగారు.

పెడల్ ఫొటో పెడుతున్నా.

బర్మింగ్‌హామ్_బుజ్జి
కంపెనీ పెడలే, ఏమీ మారనట్టే ఉంది. కడుపు మండిపోతోంది. మీ బ్రాకెట్ కొలతలు పంపండి, మా ఆయన కుంటుడు చూడలేక చస్తున్నా.

డీజిల్_బాబాయ్
శీనూ, ఫొటోలో పెడల్ వెనక గులాబీ రంగుది ఏంటది? చిన్నపిల్ల చెప్పులాగ ఉంది. కిందికి దూరితే తొక్కినా దిగదు, బ్రేకు కిందికి జారితే ఇంకా చేటు. ముందు అది తియ్యి.

స్టుట్‌గార్ట్_శీను
పాప చెప్పే బాబాయ్. తీసేశా. రెండోది ఎక్కడుందో వెతుకుతున్నా.